తుఫాన్ బండి మీద సోలార్ పలక: మేడారం ప్రయాణానికి ఒక చిన్న లెక్క

మాది మామిడిపల్లి. శంషాబాద్ విమానాశ్రయానికి దగ్గరి ఊళ్ళలో ఒకటి. మాకు రెండెకరాల కూరగాయల సాగు ఉంది. మా ఊరికి కరెంటు కరువు లేదు. 400 కిలోవోల్టుల సబ్‌స్టేషన్ మా ఊరి పేరు మీదనే ఉంది. 2008 మార్చిలో విమానాశ్రయం మొదలయిన నాటి నుంచి మా దిక్కు రాత్రి ఆకాశం నల్లగా ఉండడమే మానేసింది. ఆ విమానాశ్రయంలోనే ఇప్పుడు 10 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం కూడా ఉంది. అటువంటి ఊరివాడు 100 వాట్ల సోలార్ పలక గురించి వ్యాసం రాస్తున్నాడంటే మిత్రులకు నవ్వు రావచ్చు. నవ్వినా ఫరవాలేదు. 2024 ఫిబ్రవరిలో మేడారంలో మేము పడ్డ అవస్థ ముందు చెబుతాను. లెక్క ఆ తరువాత.

మేడారం సమ్మక్క సారలమ్మ జాతర రెండేళ్ళకొకసారి మాఘమాసంలో వస్తుంది. బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ, గురువారం చిలకలగుట్ట నుంచి సమ్మక్క గద్దెల మీదికి వస్తారు. శుక్రవారం మొక్కులు, శనివారం వనప్రవేశం. వెనుకటి రోజుల్లో మా తాతలు ఎడ్లబండ్లు కట్టుకొని, కందిళ్ళు వెలిగించుకొని పోయేవారట. ఇప్పుడు మేము మా మామ తుఫాన్ బండిలో పోతున్నాం. ఘట్‌కేసర్, భువనగిరి, జనగామ, వరంగల్, ములుగు, పస్రా మీదుగా సుమారు 250 కిలోమీటర్లు. బండి మారింది గాని బస మారలేదు. చెట్టు కింద బండి ఆపాలి, తాడుపత్రి కట్టాలి, మూడు రాళ్ళ పొయ్యి పెట్టాలి, మూడు నాలుగు రాత్రులు అక్కడే పడుకోవాలి. గద్దెల దగ్గర, జంపన్నవాగు దగ్గర ప్రభుత్వం వారి దీపాలు పట్టపగలులా వెలుగుతాయి. కాని బండ్లు ఆగేది కిలోమీటర్ల కొద్దీ పరుచుకున్న పొలాల్లో, అడవి అంచుల్లో. అక్కడ ఎవరి వెలుతురు వారే తెచ్చుకోవాలి. విదేశాల్లో దీన్నే క్యాంపింగ్ అంటారని, అందుకు ప్రత్యేకం బండ్లు తయారుచేస్తారని చదివాను. మనవాళ్ళు ఆ పేరు పెట్టకుండానే తరతరాలుగా చేస్తున్నారు.

2024లో మేము పదకొండు మందిమి. బుధవారం రాత్రి బండి బ్యాటరీకే రెండు బల్బులు తగిలించినం. ఇండికేటర్లకు వాడే 21 వాట్ల పాత రకం బల్బులవి. ఫోన్ల కోసం ఒక చిన్న ఇన్వర్టరు కూడా దాని మీదనే. తెల్లవారి ఊళ్ళోకి పోదామని తాళం తిప్పితే ఇంజను 'టక్' అని ఊరుకున్నది. పక్క బండ్ల వాళ్ళు పది మంది వచ్చి దుక్కి నేలలో నెడితే గాని అంటుకోలేదు. మామకు కోపం వచ్చి, "ఇగ ఈ బండికి ఎవడన్నా వైరు తగిలిస్తే మంచిగుండది" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. అయితే దాని ఫలితం ఏమిటంటే, గురువారం పొద్దు గూకేసరికి ఒక్కొక్కటిగా మా ఫోన్లన్నీ ఆగిపోయినయి.

ఆ రాత్రే సమ్మక్క గద్దె మీదికి వచ్చే వేళ జనం ఒక్కసారి ఊగినప్పుడు నాయనమ్మ చెయ్యి మా అమ్మ చేతిలోంచి జారిపోయింది. నాయనమ్మకు డెబ్బై దాటినయి. షుగరు ఉంది, రాత్రి పూట ఇన్సులిన్ తీసుకోవాలి. ఇట్లాంటిది జరగవచ్చని మా నాయిన ముందే మామ ఫోను నంబరు కాగితం మీద రాసి ఆమె కొంగుకు ముడి వేసి ఉంచినాడు. తప్పిపోయిన వారి శిబిరంలో ఉన్న పిల్లలు ఆ ముడి విప్పి చూసి, ఆ నంబరుకు ఎన్నిసార్లు చేసినారో తెలియదు. నంబరు సరిగ్గానే ఉంది. ఫోనే చచ్చి ఉంది. మేము మైకులో పేరు విని వెతుక్కుంటూ పోయి ఆమెను చూసేసరికి తెల్లవారుజాము నాలుగు. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. "ఒక్కొక్కని జేబుల ఒక్కొక్క ఫోనుండె గదరా, ఏం చేసుకుంటరు వాటిని?" అని మాత్రం అడిగింది.

నేను అప్పుడు బి.ఎస్సీ. మొదటి సంవత్సరం, పద్దెనిమిదేళ్ళవాణ్ణి. సెల్లు, బ్యాటరీ, నిరోధం, ఓమ్ నియమం అన్నీ పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది.

ముందు ఆ బ్యాటరీ ఎందుకు పడుకున్నదో చూద్దాం. బండిలో ఉండే సీసం-ఆమ్లం బ్యాటరీ ఇంజను తిప్పడానికి పుట్టింది. రెండు మూడు సెకన్ల పాటు వందల ఆంపియర్లు ఇవ్వాలి గనుక దాని పలకలు పలుచగా, ఎక్కువ సంఖ్యలో ఉంటాయి. కొద్దికొద్దిగా రాత్రంతా పిండితే దానికి పడదు. రెండు బల్బులకు 42 వాట్లు. ఎనిమిది గంటలకు 336 వాట్-గంటలు. 12తో భాగిస్తే 28 ఆంపియర్-గంటలు. దీనికి ఫోన్లు, ఇన్వర్టరు కలిపితే నలభై దాటింది. పాత బ్యాటరీ, పైగా మాఘమాసపు చలి. ఇంజను తిప్పే బలం ఎక్కడిది? నిండుగా ఉన్న 12 వోల్టుల బ్యాటరీ విశ్రాంతిలో 12.7 వోల్టులు చూపిస్తుంది. 12.0 చూపిందంటే పాతిక శాతమే మిగిలిందని అర్థం. చేతిలో మల్టీమీటరు ఉంటే ఆ రాత్రి పది గంటలకే తెలిసేది. అందుచేత మొదటి సూత్రం: బండి బ్యాటరీ బండికే. దీపాలకు, ఫోన్లకు వేరే బ్యాటరీ. ఇందులో మామ మాటే శాస్త్రం.

మరి ఆ వేరే బ్యాటరీ ఎంతది? దాన్ని నింపే పలక ఎంతది? ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు, మొదట నేనూ పడ్డాను. కోఠి గుజరాతీ గల్లీలో దుకాణం ముందు నిలబడి "ఏ పలక మంచిది?" అని అడిగాను. దుకాణదారు పెద్దది చూపించాడు, ఆయన వ్యాపారం ఆయనది. మా భౌతికశాస్త్రం లెక్చరర్ గారికి ఈ సంగతి చెబితే, "బావి ఎంత లోతు తవ్వాలో అడిగే ముందు పంట ఎంతో చెప్పవయ్యా" అన్నారు. రైతు బిడ్డకు అర్థమయ్యే మాట అది.

మా పంట ఇది. ఐదు వాట్ల 12 వోల్టుల ఎల్‌ఈడీ బల్బులు రెండు, పొద్దు గూకి ఆరు నుంచి పదకొండు దాకా ఐదు గంటలు: 50 వాట్-గంటలు. పిల్లలు, ముసలివాళ్ళు రాత్రి లేస్తే కనబడడానికి మూడు వాట్ల బుడ్డి దీపం, ఏడు గంటలు: 21. ఇక ఫోన్లు. ఈ రోజుల ఫోనులో 5000 మిల్లీ ఆంపియర్-గంటల సెల్లు ఉంటుంది, దాని సగటు వోల్టేజి 3.85. గుణిస్తే 19 వాట్-గంటల పైచిలుకు. మధ్యలో పోయే నష్టాలతో కలిపి పాతిక అనుకుందాం. ఆరు ఫోన్లు రోజూ మొదటి నుంచీ నింపినా 150. మొత్తం 221 వాట్-గంటలు. పదకొండు మంది బసకు ఒక రోజు విద్యుత్తు ఇంతే! ఇంట్లో ఇస్త్రీ పెట్టె పావుగంటలో తాగేస్తుంది దీన్ని.

ఈ లెక్కలో లేనివి కూడా చెప్పాలి. ఇన్సులిన్ కోసం బండిలో పెట్టుకునే చిన్న ఫ్రిజ్ కొందామని మా చిన్నాయిన అన్నాడు. కంప్రెసరు ఉన్న చిన్న ఫ్రిజ్ నడుస్తున్నప్పుడు నలభై వాట్ల పైనే లాగుతుంది. ఆగుతూ నడుస్తూ రోజుకు 300 నుంచి 500 వాట్-గంటలు కావాలి. అంటే దీపాలు, ఫోన్లు అన్నింటికీ కలిపి కావలసిన దానికంటె ఎక్కువ. డాక్టరుగారిని అడిగితే, వాడుకలో ఉన్న సీసా ఎండ తగలకుండా చల్లని నీడలో ఉంటే నాలుగు వారాల వరకు ఫ్రిజ్ అక్కరలేదని చెప్పారు. మూడు రోజుల ప్రయాణానికి, అదీ చలికాలంలో, తడిగుడ్డ చుట్టిన మట్టి ముంత చాలు. మీ ఇంట్లో మందు ఏదో, దానికి ఎంత చల్లదనం కావాలో మీ డాక్టరునే అడగండి. నేను చెప్పేది ఇంతే, ఒక్క ప్రశ్న అడిగినందుకు మాకు ఇరవై వేల పైన మిగిలింది.

ఇన్వర్టరును కూడా తీసేశాను. 12 వోల్టులను 230 చేసి, మళ్ళీ ఫోను ఛార్జరుతో 5 వోల్టులు చేయడం ముక్కు ఎక్కడుందంటే తల చుట్టూ తిప్పి చూపించడమే. నా దగ్గరున్న చిన్న ఇన్వర్టరు ఏమీ తగిలించకుండా ఊరికే ఉన్నా అర ఆంపియరు తాగుతున్నట్టు మీటరు చూపించింది. అర ఆంపియరు అంటే ఆరు వాట్లు, రోజంతా మరిచిపోతే 144 వాట్-గంటలు. మన ఆరు ఫోన్ల తిండి మొత్తం దానికే! కార్లలో పెట్టుకునే 12 వోల్టుల యూఎస్‌బీ ఛార్జర్లు రెండు కొంటే ఆ పని నేరుగా అయిపోతుంది.

221 వాట్-గంటలను 12.8తో భాగిస్తే సుమారు 17 ఆంపియర్-గంటలు. సీసం బ్యాటరీ అయితే సగం కంటె కిందికి దించకూడదు గనుక 35 లేదా 40 ఆంపియర్-గంటలది కావాలి. బరువు పది పన్నెండు కిలోలు. ఆమ్లం ఒలికే భయం ఒకటి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం అయితే 20 ఆంపియర్-గంటలది చాలు. మూడు కిలోలకు లోపే ఉంటుంది, వేల సార్లు నింపి ఖాళీ చేయవచ్చు, లోపలనే రక్షణ సర్క్యూటు ఉంటుంది. ధర ఎక్కువే. అయినా నేను దీన్నే తీసుకున్నాను, ఎందుకంటే జాతర రెండేళ్ళకొకసారి, మా చేనుకు కాపలా మాత్రం ప్రతి రోజూ. ఇంట్లో ఇదివరకే మంచి సీసం బ్యాటరీ ఉన్నవాళ్ళు కొత్తది కొననక్కరలేదు.

ఇప్పుడు పలక. సిలికాన్ సెల్లు వెలుతురును విద్యుత్తుగా మార్చే సంగతి మన పాఠంలో ఉన్నదే. వెలుతురు పడితే విద్యుత్తు పుడుతుందని 1839లో ఫ్రాన్సులో ఎడ్మండ్ బెకరెల్ గమనించాడు. పనికివచ్చే సిలికాన్ సెల్లు 1954లో అమెరికాలో బెల్ ప్రయోగశాలలో చాపిన్, ఫుల్లర్, పియర్సన్ అనే ముగ్గురు చేశారు. దాని సామర్థ్యం ఆరు శాతం. నాలుగేళ్ళకు, 1958లో, వాన్‌గార్డ్-1 ఉపగ్రహం ఆ సెల్లులతో ఆకాశానికి పోయింది. అంటే ఈ సెల్లు మొదటి నుంచీ దూర ప్రయాణాలకు అలవాటు పడ్డదే. మన 1975 నాటి ఆర్యభట్ట ఉపగ్రహానికీ ఇవే ఆధారం. ఈనాడు మా ఊరికి దగ్గరలోనే, రావిర్యాల ఈ-సిటీలో, సెల్లులు, పలకలు చేసే ఫ్యాక్టరీ ఉంది. పొద్దున పాల బండితో పాటే ఆ కార్మికుల బస్సులూ మా రోడ్డు మీద కనబడతాయి.

చిన్న బండ్లకు వాడే 100 వాట్ల పలకలో సాధారణంగా 36 గళ్ళు వరుసగా ఒకదాని వెనుక ఒకటి కలిపి ఉంటాయి. ఒక్కో గడి అర వోల్టు ఇస్తుంది. కలిపితే పని చేసేటప్పుడు 18 వోల్టులు, సుమారు అయిదున్నర ఆంపియర్లు. ఇక్కడ రెండు సంగతులు జ్ఞాపకం పెట్టుకోవాలి. పరీక్షకు కాదు, బస వేసేటప్పటికి.

ఒకటి నీడ. వరుసగా కలిపిన గళ్ళు ఒకే కాలువ లాంటివి. నీళ్ళు అన్ని మడుల గుండా ఒకే దారిన పోవాలి. మధ్యలో ఒక్కచోట రాయి అడ్డం పడితే కింది మడులన్నీ ఎండినట్లే. 2025 డిసెంబరులో మా డాబా మీద పరీక్ష పెట్టాను. మంచి ఎండలో మీటరు నాలుగు ఆంపియర్ల పైన చూపిస్తున్నప్పుడు ఒక్క గడి మీద తువ్వాలు మడత వేసి కప్పాను. 36లో ఒక్కటే కప్పితే 36వ వంతే తగ్గాలి కదా అని మా తమ్ముడు వాదన. బ్యాటరీకి పోయే కరెంటు సున్నాకు వచ్చి కూర్చుంది. పలక వెనుక బైపాస్ డయోడ్లు ఉంటాయి నిజమే, కాని అవి సగం గళ్ళను తప్పించి దారి ఇస్తాయి. మిగిలిన సగం తొమ్మిది వోల్టులు మాత్రమే ఇస్తుంది, తొమ్మిది వోల్టులు పన్నెండు వోల్టుల బ్యాటరీలోకి ఎట్లా ఎక్కుతాయి? తమ్ముడు ఓడిపోయాడు, నేను కూడా నిజానికి అంతగా అనుకోలేదు.

రెండోది వంపు. మధ్యాహ్నం సూర్యుడు ఎంత ఎత్తున ఉంటాడో తెలియాలంటే 90 నుంచి మన అక్షాంశం తీసివేసి సూర్యుని క్రాంతి కలపాలి. మేడారం సుమారు 18 డిగ్రీల అక్షాంశం. జనవరి ఆఖరున క్రాంతి మైనస్ 18. కాబట్టి ఎత్తు 54 డిగ్రీలు. పలకను క్యారియర్ మీద వెల్లకిలా పరిస్తే మనకు దక్కేది 54 డిగ్రీల సైన్, అనగా 0.81. మధ్యాహ్నమే అయిదో వంతు పోయినట్టు. పలకను దక్షిణం వైపుకు 36 డిగ్రీలు వంచితే నేరుగా తగులుతుంది. డాబా మీద ఇది కూడా చూశాను. పలకను షార్టు చేసి కొలిస్తే వంచినప్పుడు 5.4 ఆంపియర్లు, పరిచినప్పుడు 4.3. మే నెలలో ఈ గొడవ ఉండదు. మా ఊరి అక్షాంశం 17.2 గనుక మే 9 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు, పరిచి ఊరుకోవచ్చు. మాఘమాసపు ప్రయాణానికి మాత్రం వెనుక అంచు కింద నలభై సెంటీమీటర్ల ఎత్తు ఏదో ఒకటి పెట్టాలి. మేము బియ్యపు సంచి పెట్టినం.

ఎండ ఎంత వేడిగా ఉంటే అంత కరెంటు వస్తుందని అనుకోవడం కూడా పొరపాటే. సెల్లుకు కావలసింది వెలుతురు, వేడి కాదు. పలక వేడెక్కిన కొద్దీ ప్రతి డిగ్రీకి దాదాపు 0.4 శాతం శక్తి తగ్గుతుంది. అరవై డిగ్రీలకు వేడెక్కితే ఏడింట ఒక వంతు పోయినట్టు. క్యారియర్ కమ్మీలకూ పలకకూ మధ్య నాలుగు వేళ్ళ సందు ఉంచితే గాలి ఆడుతుంది.

మాకు రోజుకు తిరిగి నింపవలసినది 17 ఆంపియర్-గంటలు, నష్టాలతో 19 అనుకుందాం. దుమ్ము, చెట్ల నీడ, వేడి అన్నీ తీసివేస్తే చలికాలపు రోజులో నిండు ఎండ నాలుగు గంటల పెట్టు. అయిదున్నరను నాలుగుతో గుణిస్తే 22. కాబట్టి 100 వాట్లు సరిపోతుంది. 75 వాట్ల పలక 16 దగ్గర ఆగిపోతుంది. లెక్క ఇంత సులభమని ముందే తెలిస్తే కోఠిలో ఆ పూట వృథా అయ్యేది కాదు.

పలకకూ బ్యాటరీకీ మధ్య చార్జ్ కంట్రోలర్ తప్పనిసరి. లేకుంటే బ్యాటరీ నిండినా పలక పోస్తూనే ఉంటుంది. వీటిలో పీడబ్ల్యూఎం, ఎంపీపీటీ అని రెండు రకాలు. మొదటిది తలుపు లాంటిది. పలకను తెచ్చి బ్యాటరీకి కలుపుతుంది, నిండుతున్న కొద్దీ గబగబా తెరిచి మూస్తూ తగ్గిస్తుంది. 18 వోల్టుల పలక అయినా బ్యాటరీ ఉన్న 13 వోల్టుల దగ్గరే పని చేయాలి గనుక 100 వాట్లలో 72 వాట్లే చేతికి వస్తాయి. రెండోది గేరు పెట్టె లాంటిది. వోల్టులు తగ్గించి ఆంపియర్లు పెంచి దాదాపు మొత్తం అందిస్తుంది, ధర మాత్రం మూడు నాలుగింతలు. నేను పైన లెక్క వాట్లలో కాక ఆంపియర్లలో వేసింది అందుకే. ఆ లెక్కలో చౌక రకానికి తగ్గింపు ఇదివరకే అయిపోయింది. అయితే ఒక హెచ్చరిక. ఎవరో ఇంటి మీద నుంచి దించిన 330 వాట్ల పాత పలక చౌకగా వచ్చిందని తెచ్చి దీనికి తగిలించకండి. అవి 37 వోల్టుల దగ్గర పనిచేసే పలకలు, తలుపు రకం కంట్రోలర్‌తో మూడింట రెండు వంతులు గాలిపాలు. దానికి రెండో రకమే కావాలి.

వైరు గురించి నేను నేర్చుకున్నది పుస్తకంలో ఎక్కడా విడిగా చెప్పలేదు. పది మీటర్ల దూరానికి పోను రాను ఇరవై మీటర్ల రాగి. ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల వైరయితే నిరోధం 0.23 ఓములు, అయిదున్నర ఆంపియర్లకు వోల్టున్నర్రకు కొంచెం తక్కువ పడిపోతుంది. ఇదే వైరు బ్యాటరీకీ దీపాలకూ మధ్య ఉంటే నష్టం. కాని పలకకూ తలుపు రకం కంట్రోలర్‌కూ మధ్య ఉంటే దాదాపు నష్టం లేదు! అక్కడ 18 వోల్టులు వచ్చి 13 మాత్రమే వాడుకుంటున్నాం, ఎట్లాగూ పారబోసే దాంట్లోంచే ఈ వోల్టున్నర్ర పోతుంది. కాబట్టి పొడుగు వైరు పలక వైపు పెట్టుకోవాలి, కంట్రోలర్‌ను బ్యాటరీ పక్కనే ఉంచాలి. ఈ ఒక్క సంగతి మాకు జాతరలో ఎట్లా అక్కరకు వచ్చిందో చూడండి.

2026లో జాతర జనవరి 28 నుంచి 31 వరకు. పోయే ముందు రోజు ఇంట్లోనే బ్యాటరీని నిండుగా నింపుకున్నాను. ఇది మరిచిపోకూడదు. చేతిలో ఒక రోజు తిండి మూటతో బయలుదేరినట్టు అది. పలకను క్యారియర్‌కు నాలుగు బోల్టులతో బిగించి, సైకిలు గొలుసు తాళం కూడా వేసినం. నాయనమ్మ బండి చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "గీ అద్దం పగిలితే ఎవల మీద పడ్తదిరా బిడ్డా?" అన్నది. లోపల కూర్చున్న వాళ్ళ మీద పడదని నమ్మించడానికి చాలాసేపు పట్టింది.

మొదటి రోజే తప్పు చేసినం. చల్లగా ఉంటుందని మామ బండిని పెద్ద ఇప్పచెట్టు కింద పెట్టాడు. మనుషులకు మంచిదే. పలక మీద మాత్రం ఆకుల నీడ మచ్చలు మచ్చలుగా ఆడుతూ ఉంది. సాయంత్రానికి డీసీ వాట్‌మీటరు చూస్తే 9 ఆంపియర్-గంటలు. మరునాడు బోల్టులు విప్పి, పలకను పది మీటర్ల అవతల బయలులో బియ్యపు సంచికి ఆనించి పెట్టినం. పొడుగు వైరు పలక వైపే గనుక భయం లేదు. ఆ రోజు 19, శుక్రవారం 21. మా తమ్ముడు దానికి కాపలా.

కాని గురువారం రాత్రి వేరే దెబ్బ తగిలింది. మా దీపం చూసి పక్క బండ్ల వాళ్ళు ఒక్కొక్కరే ఫోన్లు తెచ్చినారు. ఒకాయన కొడుకు కోసం చూస్తున్నాడు. ఇంకొకామె మహారాష్ట్ర వైపు నుంచి వచ్చింది, వాళ్ళ వాళ్ళు ఎటో పోయినారు. కాదని ఎట్లా అంటాం? రెండేళ్ళ కింద మేమే ఆ స్థితిలో ఉన్నాం. మావి ఆరు, వాళ్ళవి పదకొండు. తెల్లవారుజామున మూడు గంటలకు బ్యాటరీ లోపలి రక్షణ సర్క్యూటు 'ఇక చాలు' అని కట్టేసింది. అంతా చీకటి. నా 221 వాట్-గంటల లెక్కలో మొహమాటానికి గడి పెట్టలేదు మరి.

మంచి సంగతి ఏమిటంటే, ఫోన్లన్నీ అప్పటికే నిండినయి, బండి ఇంజను కూడా పొద్దున ఒక్క తిప్పుకు అంటుకున్నది. శుక్రవారం నుంచి పద్ధతి మార్చినం. ఎవరి ఫోనయినా సరే పగలు పదింటి నుంచి మూడింటి లోపల తెచ్చి పెట్టాలి. ఎండ ఉన్నప్పుడు పలక నుంచి వచ్చింది బ్యాటరీలో దిగి మళ్ళీ ఎక్కే పని లేకుండా నేరుగా ఫోన్లలోకి పోతుంది. రాత్రికి దీపాలు మాత్రమే, అంటే 71 వాట్-గంటలు. ఈ పద్ధతి మొదటి నుంచీ పెట్టుకుంటే 10 ఆంపియర్-గంటల బ్యాటరీయే సరిపోయేది. కొన్న తరువాత తెలిసింది.

ఖర్చు కూడా చెప్పమని మిత్రులు అడుగుతున్నారు. పలక 3,800 రూపాయలు, కంట్రోలర్ 450, బ్యాటరీ 6,200, వైరు, ఫ్యూజు, బల్బులు, ఛార్జర్లు, వాట్‌మీటరు కలిపి 1,500 దాకా. మొత్తం పన్నెండు వేలకు కొంచెం లోపు. ఇవి నేను కొన్న నాటి ధరలు. 2025 సెప్టెంబరులో సోలార్ సామాను మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, బిల్లు అడిగి తీసుకోండి. అదీ కాక, ఇద్దరు ముగ్గురు మిత్రులు ఒక్క రాత్రికి అనంతగిరికో నాగార్జునసాగర్‌కో పోతుంటే ఇదంతా అక్కరలేదు. 20,000 మిల్లీ ఆంపియర్-గంటల పవర్ బ్యాంకు అంటే 74 వాట్-గంటలు, అందులో చేతికొచ్చేది మూడింట రెండు వంతులే అయినా రెండు ఫోన్లు నిండుతాయి. ఒక టార్చిలైటు పట్టుకొని పొండి. రెండు రాత్రులు దాటితేనే, మనుషులు ఎక్కువ అయితేనే పలక లాభం.

కలిపేటప్పుడు వరుస తప్పకూడదు. ముందు బ్యాటరీని కంట్రోలర్‌కు కలపాలి, తరువాత పలకను. విప్పేటప్పుడు ముందు పలక, తరువాత బ్యాటరీ. వరుస తప్పితే పలక వోల్టేజి నేరుగా కంట్రోలర్ మీద పడి అది కాలిపోవచ్చు. మా తరగతి మిత్రుడు ఒకడు అట్లాగే ఒకటి కాల్చుకున్నాడు. లిథియం బ్యాటరీ అయితే కంట్రోలర్‌లో ఆ రకాన్ని ఎంచుకోవాలి. బ్యాటరీ ప్లస్ దగ్గరే, జానెడు దూరం లోపల, 15 ఆంపియర్ల ఫ్యూజు ఉండి తీరాలి. బండి కుదుపులకు వైరు ఒరుసుకొని తొడుగు చిరిగితే, ఆ చిన్న బ్యాటరీయే తాడుపత్రిని అంటించగలదు. ఎండు గడ్డి, పొయ్యిలు, పిల్లలు ఉన్న చోట అది ఆలోచించడానికి కూడా వీలులేనిది. బ్యాటరీని సీటు కింద నీడలో పెట్టాలి, ఇంజను దగ్గర వద్దు.

శనివారం తిరుగు ప్రయాణంలో నాయనమ్మ ముందు సీట్లో కూర్చుంది. ఈసారి ఆమె మెడలో సంచి, సంచిలో చిన్న ఫోను. పస్రా దాటినంక ఒకసారి తీసి నాకు చూపించి, "నిండుగుందా చూడు" అన్నది. నాలుగు గీతలూ ఉన్నాయి.

పలక ఇప్పుడు మా టమాట చేను దగ్గర మంచె మీద ఉంది. రాత్రి అడవి పందులు వస్తాయని రెండు బల్బులు దానికే వేసినం. వైరింగు చూడదలచిన మిత్రులు ఏ ఆదివారమయినా మామిడిపల్లికి రావచ్చు. చీకటి పడ్డాక వస్తే ఇంకా మంచిది.